మట్టితో కట్టిన మూడు గజాలు

ఆయన పోయారని ఫోను వచ్చినప్పుడు నేను రాజమండ్రిలో, మా పాలిటెక్నిక్ సెమినారు హాల్లో, ప్రకృతితో కలిసి బతికే కట్టడాల గురించి మాట్లాడుతున్నాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఏసీ బాగా పనిచేస్తోంది. ఇంట్లోకి గాలీ వెలుతురూ ఎలా రావాలో తెర మీద బాణం గుర్తులు పెట్టి చూపిస్తున్నాను. తెర సరిగ్గా కనపడాలని పరదాలు కూడా నేనే వేయించాను.

ఫోన్లో, గోదావరి పాయల మధ్య ఉన్న మా లంక ఊరి పాస్టరు గారు. "మన మేస్త్రీ గారు ప్రభువునందు నిద్రించారండి. రేపు భూస్థాపన. ఆదివారం ఆరాధన కాగానే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. మీరో రెండు మాటలు చెప్పాలి. మీరైతే కాస్త నవ్విస్తూ చెబుతారు."

ఆయన విషయంలో నేను జనాన్ని నవ్వించింది ఒక్కసారే. అదే ఎక్కువైంది.

మిగిలిన స్లైడ్లు గబగబా తిప్పేసి వరండాలోకి వచ్చేశాను. అటు చివరికి నడిచాను, ఇటు చివరికి నడిచాను. సారు ఇవాళ తొందరగా వదిలేశారని పిల్లలు సంతోషించారు. మర్నాడు భూస్థాపనకి వెళ్ళి, అందరికంటే వెనక నిలబడి, మొదటి పంటులోనే ఏరు దాటి వచ్చేశాను. ఆదివారానికి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ కూర్చున్న చోట కూర్చోలేకపోయాను.

ఎవరైనా ఇల్లు కట్టమని పిలిస్తే ఆయన ముందు అడిగేది ఒక పీట. ఖాళీ స్థలంలో ఆ పీట వేసుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునేవారు. నీడ జరిగిన కొద్దీ పీటా జరిగేది. నోట్లో వెలిగించని చుట్ట. వెలిగిస్తే పాస్టరు గారికి కష్టం, పారేస్తే తనకి కష్టం, అందుకని ఆ మధ్యేమార్గం.

"పని ఎప్పుడు మొదలెడతారండీ?" అని ఇంటాయన అడిగితే, "మొదలెట్టాను కదండీ" అనేవారు.

సాయంత్రానికల్లా గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో, మధ్యాహ్నం ఏ మూల మాడుతుందో, పక్కింటి చూరు నీళ్ళు ఎక్కడ పడతాయో ఆయనకి తెలిసిపోయేది. ఇప్పుడు ఈ పని చేయడానికి సాఫ్ట్‌వేర్ ఉంది. అది పిల్లలకి నేర్పేది నేనే. దాంతో పీట అవసరం లేదు. బయటికి వెళ్ళే అవసరమూ లేదు.

రెండోరోజు చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళేవారు. వరద ఎంత ఎత్తు వచ్చిందో కనుక్కోవడానికి. కానీ ఆ సంగతి మగాళ్ళని అడిగేవారు కాదు.

"మగాళ్ళు మోకాల్లోతు నీళ్ళలో నిలబడి పీకల్లోతు అంటారండి. అందులో ఈదామని కూడా అంటారు. ఆడోళ్ళని అడగాలి. ఆళ్ళకి నీళ్ళు కావండీ గుర్తుండేది, తడిసిన సరుకు."

కాబట్టి ఏ ఇంటికెళ్ళినా ఆయన ప్రశ్న ఒకటే. "అమ్మా, అప్పుడు ఉప్పు జాడీ ఎక్కడ పెట్టారు?" చర్చి పక్క వీధిలో ఉండే కరుణమ్మ పిన్నిని అలా అడగడం నేను స్వయంగా చూశాను. ఆవిడ వంటింట్లోకి లాక్కెళ్ళి గోడలో గూళ్ళు చూపించింది. "ఇదిగో మేస్త్రీ గారూ, కింద గూట్లో నానిపోయింది. ఈ రెండో గూట్లోకి మార్చా. తెల్లారేసరికి దీని అంచుకొచ్చేసింది. నా మొగుడు అప్పటికీ రాదు రాదు అంటూనే ఉన్నాడు." ఆయన తన వెదురు కర్ర గూటికి ఆనించి కత్తితో చిన్న గాటు పెట్టుకున్నారు. ఆ గాటుకి జానెడు పైన కొత్త ఇంటి అరుగు లేచేది. తర్వాత పిన్నికి కొత్త ఇల్లు కట్టిందీ ఆ గాటు చూసుకునే. మామూలుగా వచ్చే వరదలకి లంకలో ఆయన కట్టిన ఏ ఇంట్లోనూ నాకు తెలిసి ఉప్పు తడవలేదు.

గోదావరిని ఎప్పుడూ "ఆవిడ" అనేవారు. భయభక్తులేం ఉండేవి కావు. అద్దెకున్నవాళ్ళు ఇంటి యజమానురాలి గురించి మాట్లాడే తీరు అది. "ఆవిడ స్థలమండి. ఖాళీ చెయ్యమనే హక్కు ఆవిడకుంది. నెలకోసారి అడగట్లేదు, అదే గొప్ప."

వాళ్ళ నాన్న మట్టి గోడలు పెట్టి తాటాకు కప్పినవాడు. ఈయన కుర్రతనంలో గానుగ సున్నం నేర్చుకున్నారు. నేర్చుకునేసరికి సిమెంటు వచ్చింది. సిమెంటు బాగా చేతికొచ్చేసరికి, మట్టీ సున్నమే మంచివని మా లాంటి వాళ్ళం సెమినార్లు పెట్టడం మొదలుపెట్టాం. ఈ పరిణామం గురించి మీ అభిప్రాయం ఏంటండీ అని ఒకసారి అడిగాను. నా అడగడంలోనే కొంచెం మైకు ఉంది.

ఆయన చుట్ట ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చారు. "మట్టి గోడ ఏటా పిలుస్తాదండి, నన్నోసారి చూడు అని. ఏటా అలుకుతాం, ఏటా తాకుతాం. ఎక్కడ చెమ్మొచ్చిందో చేతికి తెలుస్తాది. సిమెంటు గోడ పిలవదు. పిలవని చుట్టంతోనే ఇబ్బందండి. ఎప్పుడు కోపమొచ్చిందో తెలీదు."

ఆ మాట నచ్చి ఆయన్ని మా కాలేజీకి తీసుకొచ్చాను. మా కొత్త బ్లాకుకి ముందంతా అద్దాలే. అందులో హరిత భవనాల మీద కోర్సు నడుపుతాం. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన ఆ అద్దం మీద అరచెయ్యి ఆనించి, ఠక్కున తీసేసి, ఊదుకున్నారు. పిల్లలంతా ఏదో గొప్ప మాట వస్తుందని నోట్సులు తెరిచారు.

"అట్లు పోసుకోవచ్చండి," అన్నారు.

ఉప్పాడ సంగతీ చెప్పాలి. అక్కడ ఒడ్డు కోసుకుపోతుంటే, స్థలం ఉన్న ఒకాయన సముద్రానికి అడ్డంగా గోడ కట్టమని ఈయన్ని పిలిపించాడు.

"వెళ్ళారా?"

"వెళ్ళానండి. సముద్రం చూశాను. టీ తాగాను. వచ్చేశాను."

"అదేంటండీ? అంత దూరం వెళ్ళి?"

"అక్కడ వేటకెళ్ళే వాళ్ళు ఇంటి కప్పు విప్పేసి, వెదుళ్ళు భుజానేసుకుని వెనక్కి జరుగుతున్నారండి. పుట్టినకాడి నుంచీ దాంతో కాపురం చేస్తున్నోళ్ళే జరుగుతుంటే, నిన్న బస్సు దిగినోణ్ణి, నేను కట్టి ఆపేస్తానా?"

అలాంటి మనిషి మా చర్చికి ప్రహరీ కట్టడానికి ఒప్పుకున్నారు.

పక్క లంక చర్చికి ప్రహరీ ఉంది. మాకు లేదు. ఇంతకుమించిన కారణం మా సంఘానికి ఏ విషయంలోనూ అవసరం పడలేదు. పైకి మాత్రం గేదెలు వచ్చేస్తున్నాయన్నారు. చర్చి స్థలానికి ఎగువ వైపు, వరద వచ్చే దారికి సరిగ్గా అడ్డంగా, నలభై గజాల గోడ. ఒక చివర రోడ్డు గట్టు, రెండో చివర అరటితోట గట్టు. ప్లాను నాది. సంఘంలో ఇంజనీరింగు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఎవరూ దాన్ని తప్పుపట్టలేదు. ఒక్క మేస్త్రీ గారు తప్ప.

"ఆ తోట వైపు మూల మూడు గజాలు వదిలేద్దామండి," అన్నారు. "ఆ వెనక మురుగు పోయే బోదె కాలవ ఉంది. ఆవిడొస్తే బోదెలో పడి నేరుగా పాయలోకి పోతాది."

సంఘపెద్ద గారు నవ్వారు. "అక్కడ వదిలేస్తే గేదెలు అక్కడి నుంచే వస్తాయి కదండీ మేస్త్రీ గారూ. ఇంక గోడెందుకు?"

ఆయన పీట చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. నేను ప్లాను మడిచి పెట్టుకున్నాను.

గోడ పూర్తయ్యే వేళకి ఉపవాస దినాలు నడుస్తున్నాయి. ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక అందరం గోడ చూడ్డానికి వెళ్ళాం. సంఘపెద్ద గారు, పాస్టరు గారు, ఆడవాళ్ళు, పిల్లలు, ముప్పైమంది దాకా ఉంటాం. నేను ఇంజనీరులా కనపడాలని గొడుగు మొనతో అక్కడక్కడా పొడుస్తూ నడిచాను. తోట వైపు మూలకి వచ్చేసరికి మొన లోపలికి దిగిపోయింది. పైన పలచని సిమెంటు పూత, లోపల ఇటుకల మధ్య ఉత్త బంకమట్టి. మూడు గజాల మేర అంతే.

అప్పుడు నేను అన్నాను. "ఏంటి మేస్త్రీ గారూ, ఇక్కడ సిమెంటు కూడా ఉపవాసం ఉందా?"

ముప్పైమందీ ఒక్కసారి నవ్వారు. పాస్టరు గారు కూడా దగ్గు వచ్చినట్టు నవ్వారు. అంత బాగా పేలిన జోకు నా జీవితంలో లేదు. నేను రేవుకి వెళ్ళి పంటు ఎక్కేలోపే అది లంకంతా తిరిగేసింది. ఆ తర్వాత ఆయన పేరు ఉపవాసం మేస్త్రీ.

నవ్వులు ఆగాక ఆయన నన్ను పక్కకి పిలిచి, మెల్లిగా చెప్పారు. "అది గోడ కాదండి, తలుపు. ఆవిడ నెడితే తెరుచుకుంటాది. మిగతాది నిలబడతాది. మిగిలిన సిమెంటు చర్చి వెనకగదిలోనే ఉందండి, చూసుకోండి."

నేను చూసుకోలేదు. నాకు కోపంగా ఉంది. నా ప్లాను నన్నడక్కుండా మార్చారని. బలహీనమైన చోటు వదిలి గోడ కట్టడం ఏ పుస్తకంలోనూ లేదన్నాను. అది అబద్ధం. చెరువు గట్లకీ కాలవ గట్లకీ ఒకచోట కావాలని బలహీనంగా వదులుతారు, వరద మీరితే అక్కడ తెగి మిగతాది దక్కాలని. దాన్ని బ్రీచింగ్ సెక్షన్ అంటారు. ఆ పాఠం చెప్పేది నేనే. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. నా ఎదురుగా అది నిజంగా కట్టి ఉంటే మాత్రం నాకు దొంగతనంలా కనపడింది.

కొత్తగా సిమెంటు తెప్పించి, ఆ మూడు గజాలూ పడగొట్టించి, దగ్గరుండి మళ్ళీ కట్టించాను. కట్టింది ఆయనే.  సాయంత్రం దాకా తాపీ చప్పుడు.

లంకలో ఆయనకి అదే చివరి పని.

రెండేళ్ళకి పెద్ద వరదొచ్చింది. జనమంతా ముందే ఏటిగట్టు మీదకి చేరారు కాబట్టి ప్రాణాలకేం కాలేదు. నీళ్ళు గోడకి ఎగువన నిండాయి, నిండాయి. పోవడానికి దారి లేక, చివరికి గోడ నడుమ భాగాన్ని ఒక్క తోపుతో తోసేశాయి. అంతసేపు ఆగిన నీళ్ళు ఒక్కసారి చర్చి స్థలం దాటి వీధి మీద పడ్డాయి. వీధి మొదట్లో ఉన్న కరుణమ్మ పిన్ని ఇల్లు కూలిపోయింది. గాటు పెట్టి ఎత్తు చూసుకున్నా, గోడ కట్టి మనం పంపిన నీళ్ళకి ఆ ఎత్తు సరిపోదు కదా.

నీళ్ళు తీశాక వెళ్ళాను. పడిపోయిన పదిహేను గజాల గోడ ఒకే పలకలా బోర్లా పడుంది. ఒక్క ఇటుకా విడిపోలేదు, అంత గట్టిగా కట్టారు. నేను దగ్గరుండి కట్టించిన మూడు గజాలు మాత్రం బోదె పక్కన ఠీవిగా నిలబడి ఉన్నాయి. జనం చుట్టూ చేరి ఒకటే మాట. "సిమెంటు తినేశాడు కదండీ, పడిపోకేం చేస్తాది?" కరుణమ్మ పిన్ని బురదలో నిలబడి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మేస్త్రీ గారి ఏడు తరాలనీ తిడుతోంది. "నా కొంప ముంచినోడి నోట్లో మన్ను పడ! నా ఉప్పు జాడీ అడిగి మరీ ముంచాడు!"

నేను చర్చి వెనకగదిలోకి వెళ్ళాను. మూలన, పాత బెంచీల వెనక, మూడు సిమెంటు బస్తాలు. చెమ్మకి గడ్డకట్టి రాళ్ళయిపోయి ఉన్నాయి. ఆయన చెప్పిన చోటే. బయట పిన్ని తిట్లు వినపడుతూనే ఉన్నాయి. తలుపు దగ్గరగా వేసి, వెనక దారిన రేవుకి వెళ్ళిపోయాను.

నెల ఆగి ఆయన్ని వెతుక్కుంటూ రావులపాలెం వెళ్ళాను. ఎవరిదో మూడంతస్తుల ఇంట్లో, గాలి రాని బాత్రూములో, టైల్సు అతికిస్తున్నారు. పీట వేసుకోవడానికి కూడా చోటు లేదు.

"మేస్త్రీ గారూ, నేను సంఘంలో చెప్పేస్తానండి. తప్పు నాదని."

"కూర్చోండి ముందు. అదిగో, బకెట్టు బోర్లించుకోండి." ఒక టైలు అతికించి, తాపీ పిడితో రెండుసార్లు తట్టారు. "చెప్పి ఏం చేస్తారండి? ఇప్పుడు ఒకణ్ణి తిడుతున్నారు. మీరు చెబితే ఇద్దర్ని తిడతారు. అప్పుడు సంఘానికి మేస్త్రీ ఉండడు, ఇంజనీరూ ఉండడు. రేపు మళ్ళీ గోడ అంటారు. అప్పుడు చూసేదెవరు?"

"కానీ మీ పేరు..."

"నా పేరు ఈ టైల్సోళ్ళకి తెలీదండి. హాయిగా ఉంది." ఇంకో టైలు చేతిలోకి తీసుకుని, నా వైపు చూడకుండా అన్నారు, "కరుణమ్మకి మాత్రం ఎప్పుడైనా చెప్పండి. ఆవిడ గూడు కొలిచింది నేనే కదండీ. నా కర్ర తప్పనుకుంటాది."

పెద్దల మాట కాదనడం నాకు అలవాటు లేదు, ముఖ్యంగా ఆ మాట నాకు అనుకూలంగా ఉన్నప్పుడు. ఆయన అన్నదాంట్లో మొదటి సగం తీసుకుని, రెండో సగం ఆ బాత్రూములోనే వదిలేసి వచ్చాను. ఐదేళ్ళు గడిచాయి. ఆయన పోయారు.

ఆదివారం పొద్దున్న పంటు దిగి చర్చి దగ్గరికి వెళ్ళేసరికి, స్థలంలో ఎగువ వైపు కొత్త ఇటుకల దొంతరలు కనపడ్డాయి. మళ్ళీ ప్రహరీ. సంఘపెద్ద గారు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నారు. "మంచి సమయానికి వచ్చారండి. సోమవారం పని మొదలు. మీ పాత ప్లానే. ఈసారి మాత్రం నమ్మకమైన మేస్త్రీని పెట్టాం."

ఆరాధన అయింది. పాటలో నేను ఏ చరణం దగ్గరా నిలవలేకపోయాను. ఎవరో ప్రార్థించారు, ఎవరో ఆయన చుట్ట గురించి చెప్పారు, జనం సన్నగా నవ్వారు. పాస్టరు గారు నన్ను పిలిచారు. లేచేటప్పటికే ముందు వరసలో వాళ్ళు నవ్వడానికి సిద్ధంగా మొహాలు పెట్టుకున్నారు.

"ఆయన సిమెంటు తినలేదండి," అన్నాను. "మూడు బస్తాలూ ఈ వెనకగదిలో ఉన్నాయి. వరదప్పుడు నేను చూశాను. ఆ మూడు గజాలూ ఆయన మట్టితో కట్టింది నీళ్ళు బోదెలోకి పోవాలని. పడగొట్టించింది నేను. గోడ పడింది ఆయన దొంగతనం వల్ల కాదు. నేను గట్టిగా కట్టించడం వల్ల. జోకు వేసిందీ నేనే."

  వెళ్ళి నా బెంచీ మీద కూర్చున్నాను.

 సంఘపెద్ద గారు గొంతు సవరించుకున్నారు. "సరేనండి, అయిపోయినవి ఇప్పుడెందుకు, ప్రార్థనతో ముగించుకుందాం."

"ముగించకండి."

ఆడవాళ్ళ వైపు నుంచి కరుణమ్మ పిన్ని లేచింది. తలమీద ముసుగు సర్దుకుంది. "పాస్టరు గారూ, ముగించకండి. రేపు మళ్ళీ గోడంట కదా. ఏరా అబ్బాయ్, ఎక్కడ వదలమన్నాడు ఆయన? రా, చూపించు."

ఆవిడ బయటికి నడిచింది. ఆవిడ వెనక ఆడవాళ్ళంతా లేచారు. చేసేది లేక మగాళ్ళమూ లేచాం. తోట వైపు మూలకి వెళ్ళి నేను చూపించాను. పిన్ని అక్కడ నిలబడి బోదె చూసింది, బోదె పోయే దారి చూసింది, వెనక్కి తిరిగి వీధి మొదట్లో తన ఇల్లుండే చోటు చూసింది. చూడాల్సినదంతా చూడ్డానికి ఆవిడకి ప్లాను అవసరం రాలేదు.

"ఇక్కడ ఇటుక పెట్టకూడదు," అంది సంఘపెద్ద గారితో. "గేదెలొస్తే నేను తోలతాను."

"అలాగేనమ్మా," అన్నారాయన. ముప్పైమంది ఆడవాళ్ళు తన వైపే చూస్తుంటే ఏ సంఘపెద్దయినా అదే అంటాడు.

జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పిన్ని మాత్రం అక్కడే నిలబడింది. నేనూ నిలబడ్డాను. ఆవిడ నా వైపు తిరగకుండానే అడిగింది.

"మరి ఆయన్ని ఐదేళ్ళపాటు తిట్టాను కదరా. సచ్చినోడని, మన్ను తినేవాడని. నిన్న మొన్నటిదాకా తిట్టాను. అవన్నీ ఇప్పుడు ఏం చేసుకోను?"

"నాకిచ్చెయ్యి పిన్నీ," అన్నాను.

అప్పుడు తిరిగి చూసింది.

"నీకిచ్చేవి వేరే ఉన్నాయి," అంది.